సూరత్ నుంచి వచ్చిన మంట

2025 మే రెండో వారం మొదలైన రోజులు, భారత్, పాకిస్తాన్ కొట్టుకుంటున్న రోజులు. రాత్రి పదింటికి మా ఎదురింటావిడ తలుపు కొట్టింది. చేతిలో ఫోను, ముఖంలో చెమట. "ఓపాలి చూడండి మాస్టారూ, హజీరా రేవు మీద బాంబులేసీసారంట. మా వాడు ఫోనెత్తట్లేదు" అంది. తెర మీద మంట, పొగ. కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. హజీరా సూరత్ పక్కనే.

ఒడిశాలోని మా కొడల నుంచి సూరత్ ఎంత దూరమో మ్యాప్ చూసేవాళ్లకు తెలుస్తుంది. మాకు మాత్రం అది పక్క వీధే. గంజాం జిల్లాలో సూరత్ జీతం తినని వీధి దొరకడం కష్టం. అక్కడ జ్వరమొస్తే ఇక్కడ పథ్యం. 2020 లాక్‌డౌన్‌లో ఈ సంగతి దేశమంతా చూసింది.

ఆ వీడియో హజీరాది కాదని ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పింది. 2021 జూలై 7న ఒక ఆయిల్ ట్యాంకర్ పేలినప్పటి దృశ్యమట. కుర్రాడు రాత్రి షిఫ్టులో ఉన్నాడు, తెల్లారి ఫోన్ చేశాడు. ఈలోగా తల్లి దాన్ని నాలుగు గ్రూపులకు పంపేసింది. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. కరాచీ రేవు నేలమట్టమైందని టీవీ ఛానెళ్లు ఊదరగొడుతుంటే నేనూ రెండు గంటలు నమ్మాను. రిటైరైన లెక్కల మాస్టారిని, అయినా నమ్మాను.

అదే రోజుల్లో పాకిస్తాన్ సైనిక ప్రతినిధి తమ యుద్ధ విమానాలు రెండు పోయాయని ఒప్పుకుంటున్న వీడియో ఒకటి చక్కర్లు కొట్టింది. ముఖం ఆయనదే, మాటలు యంత్రానివి. 2023 జూలైలో భువనేశ్వర్‌లోని ఓటీవీ 'లీసా' అనే కృత్రిమ యాంకర్ చేత ఒడియాలో వార్తలు చదివించినప్పుడు మా వీధిలో అందరం మురిసిపోయాం. చేనేత చీర కట్టి ఎంత ముద్దుగా చదువుతోందో అనుకున్నాం. రెండేళ్లకు అదే కోవ విద్య రెండు అణ్వస్త్ర దేశాల మధ్య మంటలో నూనె పోసింది.

ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు నా చేత పలక మీద దిద్దించారు. నేనూ పిల్లల చేత దిద్దించాను. అణ్వాయుధాల దగ్గర మాత్రం ఈ మాట తలకిందులు. ఇన్నేళ్లూ లోకాన్ని కాపాడిన వాటిలో ఆలస్యమూ ఒకటి. 1983 సెప్టెంబర్ 26న సోవియట్ హెచ్చరిక కేంద్రంలో కంప్యూటర్ అమెరికా క్షిపణి వస్తోందంది. కాసేపటికి మరో నాలుగన్నది. డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్‌కు అనుమానం వచ్చింది, యుద్ధం మొదలెట్టేవాడు అయిదంటే అయిదు పంపుతాడా అని. తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పేశాడు. మబ్బుల మీద మెరిసిన ఎండను ఉపగ్రహం క్షిపణి మంటగా పొరబడిందని తర్వాత తేలింది. పెత్రోవ్ మీద అరిచింది యంత్రం ఒక్కటే. 'ఇంకా చూస్తావేం, కొట్టు' అంటూ లక్షల మంది అదే నిమిషంలో ఆయన మీద విరుచుకుపడలేదు.

మన దగ్గరా ఒకటి జరిగింది. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి సరిహద్దు దాటి, పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. తమ గగనతలంలో 124 కిలోమీటర్లు వచ్చిందని పాక్ సైన్యం లెక్క చెప్పింది. అందులో బాంబు లేదు, అవతలివాళ్లు తిరిగి కొట్టలేదు. సాంకేతిక లోపమని మనం ప్రకటించింది రెండు రోజుల తర్వాత. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుంచి తీసేశారు. అదే క్షిపణి 2025 మేలో, అన్ని ఫోన్లూ మోగుతున్న రాత్రి, దారి తప్పి ఉంటే? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు.

ఎందుకంటే ఆ మేలోనే ఆగడానికి ఎంత మూల్యం చెల్లించాలో చూశాం. 10వ తేదీ కాల్పుల విరమణ సంగతి ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని, ఆయన కూతురిని కూడా సోషల్ మీడియాలో నానా మాటలన్నారు. ఆయన తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకోవలసి వచ్చింది. ప్రభుత్వ నిర్ణయాన్ని చదివి వినిపించిన ఉద్యోగి ఆయన. ప్రజాస్వామ్యంలో ప్రజల మాట పాలకుడి చెవిన పడాలి, నిజమే. కానీ పాత ట్యాంకర్ మంట చూసి రగిలిన కోపం ప్రజల మాటేనా? నేను కాదంటాను. కాదని తేల్చుకోవడానికి వ్యవధి కావాలి, ఫోను ఇవ్వనిది అదే.

2024 నవంబర్‌లో లిమాలో బైడెన్, షీ జిన్‌పింగ్ ఒక మాట అనుకున్నారు. అణ్వాయుధం వాడాలా వద్దా అన్నది మనిషే తేల్చాలి, కృత్రిమ మేధ కాదు అని. మంచిదే. కానీ మీట మీద వేలు మనిషిదైనా, ఎదురుగా ఉన్న తెర ఎవరిది?

తెర వెనక సంగతి ఇంకాస్త చెప్పాలి. 2019 అక్టోబర్ 29న కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం తమ నియంత్రణ వ్యవస్థ మీద సైబర్ దాడి అసాధ్యమని ప్రకటించింది. మర్నాడు అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ తమ కంప్యూటర్ ఒకదాంట్లో మాల్‌వేర్ దొరికిన మాట నిజమేనంది. సెప్టెంబర్ 4నే సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ దాన్ని గుర్తించి చెప్పిందట. అది పరిపాలన పనులకు వాడే కంప్యూటరనీ, రియాక్టర్ నడిపే వ్యవస్థతో దానికి సంబంధం లేదనీ వివరించారు. విడివిడిగా చూస్తే రెండు ప్రకటనల్లోనూ అబద్ధం లేకపోవచ్చు. వినేవాడి చెవికి మాత్రం మొదట 'లేదు', తర్వాత 'ఉంది' అని పడింది. ఇలా చెప్పే ప్రభుత్వం రేపు ఒక వీడియో ఫేక్ అంటే మా ఎదురింటావిడ ఎందుకు నమ్మాలి? పుకారుకు సగం బలం అటువైపు నుంచే వస్తుంది.

ఇంటర్నెట్‌కు అంటకపోతే చాలనుకోవడమూ భ్రమే. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం బయటి నెట్‌కు దూరంగానే ఉండేది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్‌కు పెన్‌డ్రైవ్ సరిపోయింది. మన చాందీపూర్ క్షిపణి పరీక్షా కేంద్రంలో 2021లోనూ 2023లోనూ రహస్యాలు పాక్ మనుషులకు చేరవేశారన్న ఆరోపణతో అరెస్టులు జరిగాయి. ఆడవాళ్ల పేర్లతో ఫోన్లో మొదలైన పరిచయాలే దారి అని పోలీసులు చెప్పారు. గోడ ఎంతెత్తు కట్టినా లోపలివాడి జేబులో సెల్ ఉంటుంది.

ఇదంతా ఢిల్లీ గొడవ అనుకుంటాం గానీ, మా సముద్రపొడ్డున నిలబడితే అలా అనిపించదు. గోపాల్‌పూర్‌లో సైన్యం గగనతల రక్షణ కళాశాల ఉంది. డ్రోన్లను కూల్చే గన్నర్లు తయారయ్యేది అక్కడే. 2025 మే 7న దేశమంతా సైరన్లు మోగించి చేసిన మాక్ డ్రిల్ జాబితాలోనూ ఆ ఊరుంది. ఛత్రపురం దగ్గర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్లు జల్లించే ఇసుకలో మోనజైట్ ఉంది. ఫోన్ స్పీకర్ అయస్కాంతానికి కావలసిన నియోడిమియం, అణు ఇంధనంగా మార్చుకోగల థోరియం, రెండూ ఆ గింజలోవే.

1988 డిసెంబర్ 31న భారత్, పాకిస్తాన్ ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఒకరి అణు కేంద్రాలకు మరొకరు నష్టం చెయ్యకూడదు. 1992 నుంచి ఏటా జనవరి 1న కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు, ఎంత వైరమున్నా మానలేదు. ఆ కాగితం రాసినప్పుడు అందరి తలలోనూ ఉన్నది విమానాలు, బాంబులు. మాల్‌వేర్ కూడా దాడేనని అందులో ఒక వాక్యం చేర్చడానికి శిఖరాగ్ర సమావేశం అక్కర్లేదు. క్షిపణి దారి తప్పినప్పుడూ, యంత్రం నాయకుడి నోట దొంగ మాట పలికించినప్పుడూ గంటలోపల అవతలివాళ్లకు 'ఇది మాది కాదు' అనో 'మా పొరపాటే' అనో చెప్పే పద్ధతి ఒకటి పెట్టుకోవడానికీ అక్కర్లేదు. దానికి తీగ ఇప్పటికే ఉంది. 2025 మే 10న పాక్ సైనిక కార్యకలాపాల అధిపతి (డీజీఎంఓ) మన డీజీఎంఓకు మధ్యాహ్నం 3:35కు ఫోన్ చేశాడు, 5 గంటలకల్లా కాల్పులు ఆపాలనుకున్నారు. ఇద్దరు మనుషులు, ఒక ఫోను. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఎదురింటి కుర్రాడు ఆ తర్వాత సెలవు మీద వచ్చి, మామిడిపళ్లు తిని, అహ్మదాబాద్ బండెక్కి వెళ్లిపోయాడు. ఆ మంటల వీడియో మాత్రం తల్లి ఫోన్లోనే ఉంది. తీసెయ్యమ్మా అన్నాను.

"ఉండనీండి మాస్టారూ, మళ్లీ వస్తే పోల్చుకోవాలి గదా" అంది.

— కొడల బాటసారి