రీలుకీ పైపుకీ ముడి కుదరాలంటే...

రిటైరయ్యాక నాన్న పెట్టుకున్న ఒకే ఒక్క సరదా... పెరడు. నాలుగు మల్లె పొదలు, ఓ నందివర్ధనం, కరివేపాకు చెట్టు, గోడవారగా బచ్చలి తీగ. పొద్దున్నే ఆరింటికల్లా పైపు పట్టుకుని బయల్దేరితే ఏడున్నరకి గానీ లోపలికి రారు. అంత పొడవు పైపును రోజూ విప్పడం, మళ్లీ చుట్టడం ఆయన నడుముకి కష్టమవుతోందని పోయినేడు ఓ రీలు కొనిచ్చాను. హ్యాండిల్ తిప్పితే చాలు, పైపు బుద్ధిగా చుట్టుకుంటుంది. నాన్న ముఖం వెలిగిపోయింది.

అది మూడు రోజుల ముచ్చటే! కుళాయి దగ్గర అతుకు కారడం మొదలుపెట్టింది. పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పురికొసతో బిగించి కట్టాం. ఆగినట్టే ఆగి మళ్లీ కారేది. 'చుక్కలే కదా' అనుకున్నాం. ఆ చుక్కలే నెల తిరిగేసరికి గచ్చంతా పాచి పట్టించాయి. ఓ రోజు పొద్దున నాన్న కాలు జారింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. అన్నం కూడా అమ్మే కలిపి పెట్టాల్సి వచ్చింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆ అతుకు విప్పి చూశాను. లోపల ఉండాల్సిన రబ్బరు వాషరు లేదు. పది రూపాయలు కూడా చేయని వాషరు! ఆ తర్వాత ప్లంబర్ల దగ్గర, హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి తెలుసుకున్న సంగతులే ఈ వారం మీకోసం.

అతుకులెన్ని?

రీలు అనగానే మనకు పొడవాటి పైపు ఒక్కటే కనిపిస్తుంది. నిజానికి అక్కడ నాలుగు అతుకులుంటాయి. కుళాయి నుంచి రీలు దాకా వచ్చే చిన్న పైపుకి అటొకటి, ఇటొకటి. రీలు మధ్యలో, డ్రమ్ము లోపల పొడవాటి పైపు మొదలయ్యే చోట మూడోది. చివర్లో నీళ్లు చిమ్మే నాజిల్ దగ్గర నాలుగోది. ఇవి కాక, చిన్న పైపు వచ్చి చేరే చోట ఓ తిరుగుడు కీలు ఉంటుంది. డ్రమ్ము తిరుగుతున్నా చిన్న పైపు మెలి పడకుండా చూసేది అదే. దాని లోపల సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. అది అరిగితే రీలు ఇరుసు దగ్గర నీళ్లు కారతాయి. చాలామంది అప్పుడు రీలే పాడైందనుకుని మూలన పడేస్తారు. రింగు మారిస్తే సరిపోతుంది.

అర అంగుళం... అర అంగుళం కాదు!

దుకాణంలో మొదటి తిరకాసు ఇక్కడే. పైపు సైజును లోపలి వ్యాసంతో చెబుతారు. అర అంగుళం పైపంటే లోపలి రంధ్రం సుమారు 12.5 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళమైతే 19. కుళాయి మరల సంగతి వేరు. అర అంగుళం మర బయటి కొలత దాదాపు 21 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళం మర 26.4 మిల్లీమీటర్లు ఉంటాయి. పాతకాలపు ఇనప గొట్టాల లోపలి కొలతలతో వచ్చిన పేర్లే ఇప్పటికీ వాడుకలో ఉండిపోయాయి. అందుకే ఇంట్లో స్కేలుతో కొలిచి, అంకె కాగితం మీద రాసుకుని వెళితే తప్పుడు సరుకు ఇంటికొస్తుంది. పాత ఫిట్టింగునే విప్పి జేబులో వేసుకోండి. జానెడు పైపు ముక్క కోసుకెళ్లండి. అక్కడే తొడిగి చూసి కొనండి.

అమెరికాలో ఉన్న పిల్లలు సూట్‌కేసులో నాజిల్ తెచ్చారా? మరింకో చిక్కు. మన దగ్గర వాడే బ్రిటిష్ పద్ధతి మరల్లో అర, ముప్పావు సైజులు రెండింటికీ అంగుళానికి 14 చుట్లుంటాయి. అమెరికా తోట పైపుల మరకు పదకొండున్నరే. అక్కడి నాజిల్ మన ముప్పావు అంగుళం మర మీద ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. 'ఇంకాస్త బలంగా తిప్పితే ఎక్కుతుందిలే' అనుకున్నారో మర చెడిపోతుంది. ఆ రెంటినీ కలిపే అడాప్టరు కొనుక్కోవాల్సిందే.

ఇత్తడా? ప్లాస్టికా?

ఎండలో ఉండే అతుకులకు ఇత్తడి మేలు. ప్లాస్టిక్ చవకే గానీ, మన ఎండలకు పెళుసెక్కుతుంది. రీలు మీది భాగం అల్యూమినియంది అయితే మాత్రం దానికి నేరుగా ఇత్తడి బిగించకండి. తడిలో ఆ రెండు లోహాలూ పక్కపక్కన ఉంటే అల్యూమినియం తినేసినట్టవుతుంది. కొన్నాళ్లకి రెండూ అతుక్కుపోయి ఊడిరావు.

టిక్కుమని నొక్కితే అతుక్కునే క్లిప్ కనెక్టర్లు చాలా సుఖం. జర్మనీకి చెందిన గార్డెనా కంపెనీ 1968లో ఈ రకం తెచ్చింది. ఇప్పుడు ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి. వీటిలో పైపు ఊడదీయగానే నీళ్లు ఆగిపోయే రకం ఒకటుంది. దానిలోని స్ప్రింగు, మూత నీటి వేగాన్ని కాస్త తగ్గిస్తాయి. మన ఇళ్లలో ఒత్తిడి అంతంత మాత్రం. పది మీటర్ల ఎత్తు నీటికి ఒక బార్ ఒత్తిడి. అంటే రెండంతస్తుల మేడ మీది ట్యాంకు నుంచి పెరట్లోకి అంతకన్నా తక్కువే వస్తుంది. అలాంటప్పుడు మామూలు కనెక్టరే నయం. పైపు కూడా ముప్పావు అంగుళానిది తీసుకోండి. దాని రంధ్రం వైశాల్యం అర అంగుళం పైపుకి రెండుంపావు రెట్లు. అయితే ముందు రీలు మీద ఏ సైజు పైపు ఎంత పొడవు పడుతుందో చూసుకోవాలి.

బిగించేదిలా...

పైపు చివరను పదునైన కత్తితో అడ్డంగా, నిటారుగా కోయాలి. ఏటవాలుగా కోస్తే ఒకవైపు పట్టు దొరకదు. తర్వాత స్క్రూతో బిగించే స్టీలు క్లిప్పును ముందుగా పైపులోకి ఎక్కించండి. అంతా తొడిగాక 'అయ్యో, క్లిప్పు మరిచాం' అనుకోవడం అందరిళ్లలోనూ జరిగేదే! ఈ క్లిప్పు 1921లో బ్రిటన్‌లో పేటెంటు పొందింది. వందేళ్లు దాటినా దీన్ని మించింది రాలేదంటారు ప్లంబర్లు.

పైపు బిగుతుగా ఉండి ఎక్కకపోతే అగ్గిపుల్ల చూపించకండి. చివరను ఓ నిమిషం వేడినీళ్లలో ముంచండి. మెత్తబడి సులువుగా జారుతుంది. నిపుల్ మీదున్న గాళ్లన్నీ కప్పుకునేదాకా నెట్టి, క్లిప్పు సరిగ్గా ఆ గాళ్ల మీదికి వచ్చేలా జరిపి బిగించండి. పైపును చేత్తో తిప్పితే కదలకూడదు. అంతవరకే! అతిగా బిగిస్తే క్లిప్పే పైపును కోసేస్తుంది.

మరతో బిగించే అతుకులు రెండు రకాలు. లోపల వాషరు ఉన్న చోట నీటిని ఆపేది వాషరే. అక్కడ టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. చేత్తో బిగించి, స్పానరుతో కొంచెం తిప్పితే చాలు. వాషరు లేకుండా మరలోకి మర దిగే చోట మాత్రం టేపు చుట్టాలి. మర చివర మీవైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు నాలుగైదు చుట్లు చుట్టండి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపంతా పోగుపడి బయటికొచ్చేస్తుంది.

డ్రమ్ము లోపలి అతుకు దగ్గర పైపు మడత పడకుండా గుండ్రంగా వంపు తిరగాలి. రీలును గోడకు బిగిస్తుంటే నడుమెత్తులో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు వంగే పని తప్పుతుంది.

పేపరు పరీక్ష

అన్నీ బిగించాక నాజిల్ మూసి కుళాయి తిప్పండి. అతుకులన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కోదాని కింద పాత పేపరు పరవండి. పది నిమిషాల్లో ఎక్కడ తడి మచ్చ పడితే అక్కడ తేడా ఉన్నట్టే. గంటకు ఒక లీటరు కారినా రోజుకి 24 లీటర్లు, నెలకి 720. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఇంట్లో ఇది చిన్న లెక్కేం కాదు. పైగా రీలు కింద వారం నిలిచిన నీళ్లు చాలు, దోమలు పిల్లల్ని పెట్టడానికి.

మరో రెండు మాటలు. పని కాగానే కుళాయి దగ్గరే కట్టేయండి. నాజిల్ ఒక్కటీ మూసి వదిలేస్తే అతుకులన్నిటి మీదా ఎప్పుడూ ఒత్తిడే. పైపు చివరను తొట్టిలో ముంచి వదిలేయొద్దు. మున్సిపల్ సరఫరా ఆగితే ఆ మురికి వెనక్కి పీల్చుకుని తాగునీటి గొట్టంలోకి వెళ్లొచ్చు. వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు కుళాయి దగ్గర పెడితే ఆ బెంగ ఉండదు.

నాన్న మణికట్టు ఇప్పుడు బాగుంది. గచ్చు బ్లీచింగుతో తోమించాం. ప్రతి ఆదివారం ఆయనే అతుకుల కింద పేపరు పరిచి చూస్తున్నారు. 'మొత్తం చదివాకే సుమా' అని అమ్మ షరతు!