రబ్బరు కత్తి మర్యాద

కత్తి శిక్షణ శిబిరానికి తొలిసారి వెళ్లేవారు కాస్త జంకుతూనే గడప దాటుతారు. లోపల కండలు, కోరచూపులు, కేకలు ఉంటాయని ఊహ. తీరా చూస్తే బ్యాంకు ఉద్యోగి, కాలేజీ అమ్మాయి, మోకాలికి పట్టీ వేసుకున్న పెద్దాయన ఒకరికొకరు నమస్కరించుకుని రబ్బరు కత్తులు అందుకుంటూ ఉంటారు. ‘ముందు మీరు పొడుస్తారా, నన్ను పొడవమంటారా?’ అని కాఫీ తాగుతారా అన్నంత మామూలుగా అడుగుతారు.

ఇలాంటి శిబిరాల్లో చాలావాటికి పుట్టిల్లు ఫిలిప్పీన్స్. ఆర్నిస్, ఎస్క్రిమా, కాలి అని రకరకాలుగా పిలిచే ఈ సాముని ఆ దేశం 2009 డిసెంబరులో చట్టం చేసి మరీ జాతీయ క్రీడగా ప్రకటించుకుంది. 1521లో మాక్టాన్ ఒడ్డున నావికుడు మాజెల్లాన్‌ను మట్టుబెట్టిన స్థానిక నాయకుడు లాపులాపు మనుషులదీ ఈ విద్యేనని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. అందులో చరిత్ర కన్నా అభిమానం పాలు ఎక్కువే కావచ్చు, పోనివ్వండి. అసలు విశేషం బోధనా క్రమంలో ఉంది. చాలా యుద్ధవిద్యల్లో ముందు వట్టి చేతులు, ఏళ్లు గడిచాక ఆయుధం. ఇక్కడ మొదటి రోజే చేతికి ఆయుధం వస్తుంది, సాధారణంగా 28 అంగుళాల బెత్తం కర్ర. దెబ్బ ఏ దిక్కు నుంచి వస్తుందన్నదాన్ని బట్టి దానికో అంకె. కర్రయినా, కత్తయినా, పిడికిలైనా గాలిలో గీసే గీత అదే. అందుకే కర్రతో మొదలుపెట్టినవాడు కత్తి పట్టేసరికి మళ్లీ ఓనమాలు దిద్దనక్కర్లేదు.

జోడీగా చేసే ఒక అభ్యాసం చూడండి. ఒకరు పైనుంచి ఏటవాలుగా కత్తి దింపుతారు. ఎదుటివారు ముంజేతితో ఆపి, రెండో చేత్తో దాన్ని పక్కకు దాటించి, మణికట్టును అదిమిపెట్టి, అదే దెబ్బ తిరిగి వేస్తారు. మళ్లీ అటు, మళ్లీ ఇటు. కొత్తవారు ఇక్కడే తడబడతారు. తప్పు ఆపడంలో కాదు, పొడవడంలో! ఎదుటివారికి తగులుతుందేమోనన్న మొహమాటంతో కత్తిని భుజం పక్కకు దింపుతారు, లేదా జానెడు దూరంలోనే ఆపేస్తారు. గురువు వెంటనే అడ్డుపడతారు. పక్కన గాలిని కాదు, మనిషినే పొడవమంటారు. కావాలంటే నెమ్మదిగా పొడవమంటారు. తగలని దెబ్బను ఆపడం నేర్చుకున్నవాడికి ఏమీ రానట్టే లెక్క. ఇక్కడ తోటివాడికి చేయగల ఉపకారం అబద్ధం లేని దెబ్బ ఒకటి ఇవ్వడమే. మన మొహమాటాల సంస్కృతికి ఇది కొంచెం మింగుడుపడని పాఠం.

తర్వాత తెల్ల టీషర్టుల వంతు. రబ్బరు కత్తి బదులు చేతికి మార్కర్ పెన్ను ఇచ్చి, ‘ఇక కానివ్వండి’ అంటారు. అర నిమిషం గడిచేసరికి ఇద్దరి ముంజేతుల మీద గీతలు, పొట్ట మీద చుక్కలు, ఒకరి మెడ మీద పొడవాటి చార. గెలిచాననుకున్నవాడి చొక్కా కూడా శుభ్రంగా ఉండదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడినప్పటి నుంచీ కత్తుల నడుమ చెక్కుచెదరకుండా నడిచొచ్చే కథానాయకులకు ఈలలు వేస్తున్న మనకు ఆ చొక్కా చూపించి తీరాలి. ఆ చొక్కా చూశాక దూరం పాటించండి, తలుపు ఎటుందో చూసుకోండి, వీలుంటే పరుగెత్తండి అన్న మాటలు పిరికిమాటల్లా వినిపించవు.

నల్ల దుస్తులు, పుర్రె బొమ్మలతో హడావుడి చేసి, మూడు క్షణాల్లో కత్తి లాక్కోవడం నేర్పుతామనే శిబిరాలూ లేకపోలేదు. వాటికి దూరంగా ఉండటమే మేలు. నేల మీద టేపుతో త్రికోణం అతికించి, దాని గీతల వెంట పూటంతా అడుగులే వేయించే గురువు దొరికితే విసుగొచ్చినా వదులుకోకూడదు.

మన తాలింఖానాలూ ఒకప్పుడు ఇలాంటి విద్యలకు కాణాచులే. దసరాకో, పీర్ల పండుగకో ఊరేగింపులో కర్ర తిప్పేవారు ఇప్పటికీ కనిపిస్తారు. తిప్పడం ముచ్చటగానే ఉంటుంది కానీ, ఎదురుగా మరో మనిషి ఉండడు. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పుతున్నారు. మంచి పని. అక్కడా పిల్లలు వరుసగా నిలబడి గాలిలోకి గుద్దులు విసరడంతోనే సరిపెట్టకుండా, ఒక పూట ఈ చొక్కాల ఆట కూడా ఆడిస్తే బాగుంటుంది. దానికయ్యే ఖర్చు పాత తెల్లచొక్కాలు, నాలుగు స్కెచ్ పెన్నులు.