మామ అడిగిన ఫలాఫిల్, అవ్వ చెప్పిన కిటుకు

మా మామ పదకొండేళ్లు కువైట్‌లో పనిచేసి, పోయిన ఉగాదికి వనపర్తి వచ్చేశాడు. వచ్చిన రోజు నుంచి ఇంట్లో అందరికీ ఒకటే పని, ఆయనకు తినిపించడం. అవ్వ జొన్నరొట్టెలు చేస్తుంది, పుంటికూర పప్పు చేస్తుంది. ఆదివారం వస్తే అత్త మటన్ తప్ప ఇంకో మాట ఎత్తదు. ఆయన పెట్టింది తింటాడు, బాగుందంటాడు, చేయి కడుక్కుంటాడు. ఇది కావాలని మాత్రం ఒక్కరోజూ నోరు తెరిచి అడగలేదు. కువైట్ ఎట్లుంటది మామా అంటే "ఏముంటది, ఎండ" అంటాడు. అంతే.

అలాంటి మనిషి ఒకరోజు రాత్రి మంచం మీద నా పక్కన కూర్చుని, నా ఫోన్‌లో షవర్మా రీల్ చూస్తూ చూస్తూ అన్నాడు. "అల్లుడా, గది కాదుగానీ... ఫలాఫిల్ దొరుకుతదా మన దగ్గర?"

మండీ దొరుకుతుంది, ఒక పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని ఫొటోలు దిగే ఏర్పాటుతో సహా. షవర్మా దొరుకుతుంది. ఫలాఫిల్ మాత్రం ఇక్కడ నేను తిరిగినంత మేర ఎక్కడా కనిపించలేదు. "నేను చేస్త మామా" అనేశాను. ప్రతివారం మీకు ఇక్కడ వంటల గురించి ఇంత పొడుగు రాస్తుంటాను కదా, ఆ ధైర్యం.

తెలియనివాళ్లకు చెప్పాలంటే, శనగలు నానబెట్టి రుబ్బి, ఉల్లి, వెల్లుల్లి, ఆకులు, ధనియాలు, జీలకర్ర కలిపి నూనెలో వేయించిన ఉండే ఫలాఫిల్. చూస్తే మన మసాలా వడకు చిన్నాయన కొడుకులా ఉంటుంది. ఈజిప్టులో తామియా అంటారు. అక్కడ శనగలు కాదు, ఫావా అనే పెద్ద చిక్కుడు గింజలు వాడతారు. లెబనాన్‌లో శనగలతో చేస్తారు, కొందరు రెండూ కలుపుతారు. అసలు ఇది ఎవరిదనే గొడవ మన బిర్యానీ గొడవ కంటే పెద్దది. మా వంటలను ఇజ్రాయెల్ తన పేరుతో అమ్ముకుంటోంది, కోర్టుకెళ్తామని 2008లో లెబనాన్ పారిశ్రామికవేత్తల సంఘం ప్రకటించింది. 2010లో అక్కడి వంటవాళ్లు 10,452 కిలోల హమ్ముస్ చేసి రికార్డు కొట్టారు. ఆ అంకె ఊరికే రాలేదు, వాళ్ల దేశం విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు. తిండి మీద పంతమంటే అదీ.

ఇక మా వంటింటికి వద్దాం. మొదటిరోజు నేను చేసిన ఘనకార్యం చెప్పక తప్పదు. మనకు శనగలంటే గుడాలు, గుడాలంటే ఉడకబెట్టడం. వీడియో సగం చూసి, తెల్ల శనగలు కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి, మెత్తగా రుబ్బి, చక్కగా ఉండలు చేశాను. మొదటి ఉండ నూనెలో పడింది. పది సెకన్లు ఉంది. తర్వాత లేదు. కడాయి నిండా నురగ, నురగలో పొడి. రెండో ఉండ కూడా అన్న దారిలోనే పోయింది. కంగారులో రెండు గుప్పిళ్ల శనగపిండి కలిపాను. ఈసారి విడిపోలేదు కానీ, గోడకేసి కొడితే మనకే తిరిగి తగిలేట్టు తయారయ్యాయి. మామ మూడు తిన్నాడు. "బాగుంది" అన్నాడు. మటన్‌కు అన్నట్టే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అవ్వ కడాయిలోకి తొంగిచూసింది. "ఏమేసినవ్ రా?"

"ఉడకబెట్టిన శనగలు."

"ఉడకబెట్టినంక గారె ఎట్లయితది? అలసందలు ఉడకబెట్టి రుబ్బుతమా? నానేసి రుబ్బుతం గదా!"

ఫలాఫిల్ అనే పేరు కూడా పలకలేని మా అవ్వ, సగం ఇంటర్నెట్‌కు తెలియని కిటుకు ఒక్క ముక్కలో తేల్చేసింది. నిజం అదే. పచ్చి శనగలో ఉన్న పిండిపదార్థం వేడి నూనెలో పడ్డాకే ఉబ్బి, జిగురై, ఉండను పట్టి ఉంచుతుంది. ఉడికిన శనగ ఆ పని కుక్కర్లోనే చేసేసుకుంది. నీళ్లు తాగేసింది. ఇక నూనెలో పట్టుకోవడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు.

రెండో రోజు అవ్వ చెప్పినట్టే చేశాను. పావుకిలో కాబూలీ శనగలు రాత్రి నానబోయండి. గిన్నె పెద్దది తీసుకోండి, తెల్లారేసరికి రెండింతలవుతాయి. పన్నెండు గంటలు తగ్గొద్దు. పొద్దున నీళ్లు వంపి, పాత కాటన్ బట్ట మీద ఒక గంట ఆరబెట్టండి. ఈ ఆరబెట్టడం చాలామంది ఎగ్గొడతారు, తర్వాత కామెంట్లలో ఏడుస్తారు. ఒక ఉల్లిగడ్డ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు, ఒక కట్ట కొత్తిమీర, గుప్పెడు పుదీనా, వేయించి దంచిన ధనియాలు ఒక చెంచా, జీలకర్ర ఒక చెంచా, ఉప్పు. పార్స్లీ కావాలని వీడియోలో అంటారు. వనపర్తి కూరగాయల మార్కెట్లో పార్స్లీ అడిగి నవ్వులపాలు కావొద్దు, కొత్తిమీర బ్రహ్మాండంగా సరిపోతుంది.

నీళ్లు చుక్క కూడా పోయకుండా మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. గారెల పిండిలా మెత్తగా కావొద్దు, ఇడ్లీ రవ్వలా బరకగా ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. నిలిస్తే అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. నిలవకపోతే ఒక్కటంటే ఒక్క చెంచా శనగపిండి. వేయించే ముందు పావు చెంచా వంటసోడా, రెండు చెంచాల నువ్వులు కలిపి ఉండలు చేసుకోండి. నాకు ఇరవై రెండు వచ్చాయి. నూనె మాత్రం పల్లీ నూనె. ఇంత పల్లికాయ పండే జిల్లాలో ఉండి ఇంకో నూనె ప్యాకెట్ కొంటే అవ్వ ఇంట్లోకి రానివ్వదు. చిటికెడు ముద్ద వేస్తే బుడగలతో పైకి తేలాలి, అప్పుడు మంట కొంచెం తగ్గించాలి. మరీ కాగిన నూనెలో పైన నల్లగా, లోపల పచ్చిగా ఉండిపోతాయి.

సాస్ సంగతి. మన ఊళ్లలో ఏ రోల్ చుట్టినా మయోన్నైజే. పచ్చి గుడ్డుతో చేసే మయోన్నైజ్‌ను మన తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది, తిని జనం ఆస్పత్రుల పాలయ్యారని ఫిర్యాదులొచ్చాయి కాబట్టి. లెబనాన్ వాళ్ల ఫలాఫిల్‌కు గుడ్డుతో పనే లేదు, నువ్వుల ముద్ద చాలు. దాన్నే తహినీ అంటారు, సూపర్ మార్కెట్ సీసాలో కొంటే జేబు గుల్ల. ఇంట్లో ఎంతసేపు? పొట్టు తీసిన తెల్ల నువ్వులు ఒక గ్లాసు సన్నమంట మీద రంగు మారకుండా వేడిచేసి, వేడి మీదే రెండు చెంచాల నూనెతో మెత్తగా రుబ్బండి. పొట్టు నువ్వులైతే చేదొస్తుంది. ఇందులో నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, ఉప్పు వేసి చల్లనీళ్లు కొంచెం కొంచెం పోయండి. మొదట గట్టిపడి రాయిలా బిగుస్తుంది. పాడైందని నేను పారబోయబోయాను. పోస్తూ కలుపుతూ ఉంటే ఒక్కసారిగా తెల్లబడి, మజ్జిగ పులుసంత జారుగా అవుతుంది. ఈ మ్యాజిక్ కోసమైనా ఒకసారి చేయండి.

రొట్టె దగ్గర ఇంట్లో గొడవైంది. జొన్నరొట్టెలో చుట్టమని అవ్వ. చుట్టాం. చుట్టలేదు, విరిగింది. వేడివేడి జొన్నరొట్టె ముక్కతో ఫలాఫిల్ నంజుకుంటే రుచి మాత్రం అదిరింది, అది వేరే సంగతి. చివరికి గ్లాసు మైదా, గ్లాసు గోధుమపిండి, ఒక చెంచా ఈస్ట్, గోరువెచ్చని నీళ్లతో పిండి కలిపి గంటసేపు పొంగనిచ్చి, బాగా కాలిన పెనం మీద రెండు వైపులా కాల్చాం. కాల్చినవి కాల్చినట్టే బట్టలో చుట్టిపెట్టాలి, లేదంటే అప్పడాలవుతాయి. గల్ఫ్ పోయొచ్చినవాళ్లు దీన్ని ఖుబూస్ అంటారు.

మొదటి రోల్ నేనే చుట్టి మామ చేతిలో పెట్టాను. ఆయన విప్పేశాడు.

"ఇట్ల కాదు, జరుగు" అన్నాడు. ఖుబూస్ పరిచి, నాలుగు ఉండలు వరసగా పెట్టి, వేళ్లతో ఒక్కొక్కదాన్నీ కొంచెం నలిపాడు. నలిపితేనే సాస్ లోపలికి దిగుతుందట. టమాటా, కీరా, పైన సాస్. "గులాబీ రంగు పచ్చడి ఉంటది, శల్గం" అన్నాడు. బీట్‌రూట్ ముక్క వేసి వెనిగర్లో ఊరబెట్టే టర్నిప్ అది. మేం ముల్లంగితో ముందురోజే ఊరేశాం, చూసి నవ్వాడు. పక్కలు మడిచి, గట్టిగా చుట్టి, కింద బటర్ పేపర్ తిప్పాడు. అరనిమిషం పట్టలేదు. ఇన్ని నెలల్లో ఆయన చేతులు అంత హుషారుగా కదలడం చూడలేదు నేను.

ఒక ముక్క కొరికి, నమిలి, ఇంకో ముక్క కొరికాడు. బాగుంది అనలేదు. మాట్లాడటం మొదలుపెట్టాడు.

గల్ఫ్ అంటే మనకు కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల గుర్తొస్తాయి. పాలమూరు జనానిది ముంబై దారి, పుణె దారి, ఎక్కడ ప్రాజెక్టు కడుతుంటే అక్కడికి దారి. మామ కూడా ముందు ముంబైలో సెంట్రింగ్ పని చేశాడు, అక్కడి నుంచే కువైట్ పోయాడు. ఎండాకాలం అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట పని చేయించకూడదని రూలు. కాబట్టి చీకట్లోనే పనికి బయల్దేరాలి. ఆ వేళకు తెరిచుండేది ఫలాఫిల్ దుకాణమే. ఓనర్ లెబనాన్ ఆయన, వేయించేది ఈజిప్టు ఆయన, తినేది మనవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, నేపాల్ వాళ్లు. వంద ఫిల్సులకు ఒక శాండ్‌విచ్. దినారుకు వెయ్యి ఫిల్సులు, అంటే దినారుకు పది.

"పొద్దున ఒకటి, పనికాడికి ఒకటి కట్టించుకుంటుంటి. రాత్రికి ఖుబూస్, పప్పు."

అవ్వ చేతిలో రొట్టె అట్లే ఆగింది. "ఫోన్‌ల బిర్యానీ తిన్ననంటివి గదరా?"

"తిన్ననమ్మా. శుక్రారం తింటుంటిమి."

"వారానికి ఒక్క శుక్రారమే గదరా."

మామ దానికి ఏమీ అనలేదు, ఇంకో ఖుబూస్ పరిచాడు. నేను బుద్ధిలేక మనసులో లెక్క వేశాను. నా బీటెక్ రెండో ఏడాది ఫీజు మామ కట్టాడు. అది ఎన్ని శాండ్‌విచ్‌లవుతుందో ఫోన్ తీసి కాలిక్యులేటర్లో కొట్టాను, జవాబు వచ్చేలోపే స్క్రీన్ ఆపేశాను.

బీరూట్‌లో సహ్యూన్ అని 1930ల నాటి ఫలాఫిల్ దుకాణం ఒకటుంది. తండ్రి పెట్టాడు, కొడుకులిద్దరూ విడిపోయి పక్కపక్కనే రెండు దుకాణాలు నడుపుతున్నారు, వంట ఒకటే. మామకు ఆ ఫొటో చూపిస్తే చాలాసేపు చూశాడు. మనుషుల్ని కాదు, బండలు, కడాయిలు, ఉండలు చేసే చిన్న అచ్చు. "ఈ అచ్చు హైదరాబాద్‌ల దొరుకుతదా?" అన్నాడు.

మర్నాడు ఆయన నోట్‌బుక్ తీశాడు. శనగలు, నువ్వులు, నూనె, మైదా, కూరగాయలు, గ్యాస్ అన్నీ వేసుకుని రోల్‌కు 20 రూపాయల లోపే తేలింది. 40కి అమ్మితే? 50కి? బస్టాండ్ దగ్గరా, పాలిటెక్నిక్ వైపా? వనపర్తి పోరలు చికెన్ లేని రోల్ తింటారా? ఇది నన్ను అడిగాడు, నేను మిమ్మల్ని అడుగుతున్నా, నిజం చెప్పండి.

ఇంకో సంగతి ఉంది. పాత కఫీల్ రెండుసార్లు ఫోన్ చేశాడు, వీసా తీస్తాను రమ్మని. అత్త వద్దంటోంది. అవ్వ ఏమీ అనడం లేదు, ఫోన్ మోగినప్పుడల్లా లేచి లోపలికి పోతోంది. మామ ఆయనకు ఇంకా జవాబు చెప్పలేదు. శనివారం రాత్రి మాత్రం ఎవరికీ చెప్పకుండా కిలో శనగలు నానబోశాడు. పొద్దున ఐదింటికే లేవాలంట, మిక్సీ నాది కాబట్టి నేను కూడా.