ద్వారము వారిది, నోరు ఎవరిది?

కృష్ణానగరమున తెల్లవాఱక మున్నే వీథులలో జనము గుమిగూడును. చిత్రీకరణకు గొనిపోవు బండ్లకై యెదురుచూచు చిన్న నటులును, కార్మికులును వారు. ఆనాటి పని దొరకినగాని యానాటి గ్రాసము లేదు. అట్టివారిలో నొకరు తమకు జరిగిన యన్యాయమును చెప్పదలచిన నెచ్చట నిలిచి చెప్పవలయును? స్టూడియో యజమానిది, సంఘభవనము సంఘమువారిది, ఫేస్‌బుక్కు, యూట్యూబు విదేశీయ కంపెనీలవి. మాటాడు స్వేచ్ఛ యందఱకును గలదు. నిలిచి మాటాడు చోటు మాత్రము పరులది.

2018 ఏప్రిల్ 7వ తేదీన శ్రీరెడ్డి యను నటి ఫిలింనగరులోని ఫిలిం చాంబరు నెదుట అర్ధనగ్నముగా గూర్చుండి, వేషముల నెరజూపి స్త్రీలను లోబఱచుకొనుచున్నారని మొఱపెట్టెను. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషను ఆమెకు సభ్యత్వము నిరాకరించి, తన సభ్యు లామెతో నటింపరాదని శాసించెను. ఇది జీవనోపాధి హక్కునకు భంగకరమని జాతీయ మానవహక్కుల సంఘము నోటీసులు పంపెను. ఆ వారములోనే బహిష్కారము తొలగెను.

ఆమె నిరసన పద్ధతి పలువురకు రుచింపలేదు. ఆమె పలికిన ప్రతి మాటకును మేము పూచీపడజాలము. నిరాధారముగ నొకరిని నిందించినచో, వీథిలో నైనను ఫేస్‌బుక్కున నైనను, పరువునష్టపు చట్టము వర్తించును. తన ప్రాంగణమున నెవరు మాటాడవలెనో నిర్ణయించు హక్కు యజమానికి గలదు. తన మామిడితోటలో నొరులు సభ చేసిన మన పాఠకులలో నెవ రోర్తురు? కాని తోటలోనికి రావలదనుట వేఱు. ఊరిలో నే తోటలోను వానికి కూలి దొరకరాదని ఆసాములెల్ల కూడి కట్టడి చేయుట వేఱు. మొదటిది ఆస్తిహక్కు, రెండవది వెలి. వెలి యెట్టి దుర్మార్గమో మన పల్లె లెఱుగును.

1908లో వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని చెఱబెట్టినది దొరతనము. నాటి భయము ప్రభుత్వము వలన. నేటి భయము పని యిచ్చువాని వలన గూడ. ఇంటర్నెట్టు నందలి మాటపై పోలీసులకు పట్టు నిచ్చిన 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసెను. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ వ్యాజ్యమున, 19, 21 అధికరణముల హక్కులను ప్రభుత్వేతరులపై గూడ నమలుపఱుపవచ్చునని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. కావున “మాది ప్రైవేటు సంఘము” అను మాట యిక సంపూర్ణమగు సమాధానము కానేరదు.

తెలంగాణ ప్రభుత్వము 2019లో చిత్రసీమలోని లైంగికవేధింపులపై కమిటీని నియమించెను. కేరళలో హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టు 19న వెలువడిన పిమ్మట, మన నివేదికను గూడ బయటపెట్టుడని నటి సమంత బహిరంగముగ కోరవలసి వచ్చెను. నోరు మూయుటకు దినములు చాలెను; వినుటకు ఏండ్లు చాలలేదు!

మాటాడినందుకు పని మాన్పింపరాదను నిబంధనను చిత్రసీమ సంఘములు తమ నియమావళులలో చేర్చవలయును. విచారణల ఫలితములు ప్రజల యెదుటికి రావలయును. యజమానులు తమ ద్వారములు మూసికొనవచ్చును. పరుల నోటికాడి కూడును తీసి నోరు మూయించు హక్కు మాత్రము ఏ దస్తావేజును వారి కీయలేదు.