రోడ్డు ఒక్కటే.. బిల్లులు ఎన్ని? నగరాల్లో రహదారి పనుల ఖర్చు ఎందుకు పెరుగుతోంది? ఆ భారం ఎవరిపై పడుతోంది?

హైదరాబాద్‌లో ఎక్కడైనా రోడ్డు పని మొదలైందంటే జనం ముందుగా అడిగేది "ఎంతవుతుంది?" అని కాదు. "ఎప్పుడవుతుంది?" అనే అడుగుతారు. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒక్కటే. పని ఎంత సాగితే ఖర్చు అంత పెరుగుతుంది. బారికేడ్లు, దుమ్ము, డైవర్షన్లు, ట్రాఫిక్ జామ్‌లు అందరికీ కనిపిస్తాయి. వాటి వెనక పెరిగే బిల్లు మాత్రం ఎవరికీ కనిపించదు. చివరికి ఆ బిల్లు కట్టేది పన్ను చెల్లించే సామాన్యుడే.

అసలు అంచనాలు ఎందుకు తప్పుతున్నాయి? సిమెంట్, స్టీల్, తారు ధరలు పెరగడమే కారణమా? లేక తప్పు మరోచోట ఉందా? ఒక్కో ఉదాహరణ తీసుకుని చూద్దాం.

ఒకే రోజు శంకుస్థాపన.. రెండు వేర్వేరు కథలు

2018 మే 5న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ హైదరాబాద్‌లో అంబర్‌పేట ఫ్లైఓవర్‌కు, ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. రెండూ వరంగల్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్నవే. రోజూ లక్షల మంది తిరిగే దారి అది.

అంబర్‌పేట ఫ్లైఓవర్ పొడవు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు. భూసేకరణ చిక్కులతో పని ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. చివరికి 2025 ఫిబ్రవరిలో వాహనాలను అనుమతించారు. అధికారిక ప్రారంభం 2025 మే 5న జరిగింది. అంటే ఒకటిన్నర కిలోమీటర్లకు పట్టిన సమయం సరిగ్గా ఏడేళ్లు!

ఉప్పల్ సంగతి ఇంకా ఘోరం. ఆరు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ కారిడార్‌ను రెండేళ్లలో పూర్తి చేయాలన్నది ప్లాన్. పిల్లర్లు లేచాయి, ఆ తర్వాత పని ఆగింది. కాంట్రాక్టర్ చేతులెత్తేయడంతో చివరికి ఆ కాంట్రాక్టే రద్దయింది. 2025లో కూడా ఉప్పల్ వాసులకు మిగిలింది మొండి పిల్లర్లు, వాటి కింద గుంతల రోడ్డే. పైన ఫ్లైఓవర్ వస్తుందని కింద ఉన్న రోడ్డును ఏళ్ల తరబడి బాగు చేయలేదు. ఫ్లైఓవర్ రాలేదు, ఉన్న రోడ్డూ పోయింది. జనం కోపమంతా అక్కడే. రోడ్డు పక్క చిన్న షాపుల వాళ్లకు బేరాలు పడిపోయాయి. ఆ నష్టం ఏ ప్రాజెక్టు అంచనాలోనూ ఉండదు. ఏ ఫైల్లోనూ ఎక్కదు.

ఇది ఒక్క హైదరాబాద్ కథే అనుకుంటే పొరపాటు. విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్‌ను 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాల నాటికి సిద్ధం చేయాలనుకున్నారు. తీరా ప్రారంభమైంది 2020 అక్టోబర్‌లో. పుష్కరాలకని మొదలుపెట్టిన వంతెన, పుష్కరాలు వెళ్లిన నాలుగేళ్లకు జనానికి అందింది.

ఖర్చు పెంచేది తారు కాదు.. టైమ్!

అంచనా పెరిగిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటే: "మెటీరియల్ రేట్లు పెరిగాయి". ఇందులో నిజం లేకపోలేదు. తారు ధర క్రూడాయిల్‌తో పాటు కదులుతుంది. 2021, 2022లో స్టీల్ రేట్లు ఎలా మండిపోయాయో ఇల్లు కట్టుకున్న వాళ్లందరికీ గుర్తే. కానీ రెండేళ్లలో పూర్తి కావాల్సిన పని టైమ్‌కు పూర్తయి ఉంటే ఆ మంటలో చాలా భాగం తగిలేదే కాదు.

పన్ను సంగతి చూడండి. ప్రభుత్వ రోడ్డు కాంట్రాక్టులపై జీఎస్టీ 2022 జులై 18 వరకు 12 శాతం. ఆ రోజు నుంచి 18 శాతం అయింది. 2020లో పూర్తి కావాల్సిన పని 2022 దాటి సాగితే, మిగిలిన పనిలో ప్రతి 100 కోట్లకు 6 కోట్ల పన్ను అదనం. ఒక్క మీటర్ రోడ్డు కూడా ఎక్కువ రాకుండానే బిల్లు పెరిగిపోయింది. 2025 సెప్టెంబర్‌లో సిమెంట్‌పై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అది ఊరటే. కానీ అప్పటికే పెరిగిన బిల్లులు వెనక్కి రావు కదా!

ఇక అసలు భారం భూసేకరణ. నగరంలో రోడ్డు వెడల్పు చేయాలంటే ఇళ్లు, షాపులు తీసుకోక తప్పదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువకు తోడు అంతే మొత్తం సొలేషియం ఇవ్వాలి. దాంతో పాటు తొలి నోటిఫికేషన్ నుంచి అవార్డు ఇచ్చే దాకా లేదా స్వాధీనం చేసుకునే దాకా మార్కెట్ విలువపై ఏడాదికి 12 శాతం అదనం.

సింపుల్‌గా లెక్క వేద్దాం. 10 కోట్ల మార్కెట్ విలువ ఉన్న ఆస్తికి సొలేషియంతో కలిపి 20 కోట్లు. అందులో ఒక్క ఏడాది ఆలస్యమైతే మరో కోటీ 20 లక్షలు. ఇంకా సాగదీసి, చట్టం చెప్పిన గడువులోగా అవార్డు ఇవ్వకపోతే మొత్తం ప్రక్రియే చెల్లకుండా పోతుంది. మళ్లీ మొదటి నుంచి రావాలి. అప్పుడు కట్టాల్సింది కొత్త మార్కెట్ విలువ. హైదరాబాద్‌లో మూడు నాలుగేళ్లలో స్థలాల రేట్లు ఎక్కడికి వెళ్తాయో ఎవరికీ చెప్పక్కర్లేదు.

అలాగని ఆస్తి పోయే వాళ్లను తప్పుపట్టలేం. తాతల నాటి ఇల్లు, నలభై ఏళ్లుగా నడిచిన షాపు పోతుంటే సరైన పరిహారం అడగడం వాళ్ల హక్కు. తప్పు ఎక్కడుందంటే, స్థలం చేతికి రాకముందే టెండర్ పిలిచి, మిషన్లు దించి, రోడ్డు తవ్వేయడంలో ఉంది. పిల్లర్లు లేచాక మధ్యలో ఒక్క ఆస్తి కోర్టు కేసులో ఇరుక్కుంటే చాలు, మొత్తం పని ఆగిపోతుంది. కాంట్రాక్టర్ మిషన్లు ఖాళీగా ఉంటాయి. వాటికీ లెక్క కడతాడు.

మూడేళ్లలో అయిన బ్రిడ్జి ఏం చెబుతోంది?

ఆలస్యం తప్పదు, నగరాల్లో ఇంతే అనే వాళ్లకు హైదరాబాద్‌లోనే ఒక జవాబు ఉంది. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు కట్టిన స్టీల్ బ్రిడ్జికి 2020 జులైలో శంకుస్థాపన జరిగింది. 2023 ఆగస్టులో వాహనాలు తిరిగాయి. పొడవు రెండు కిలోమీటర్లకు పైనే, ఖర్చు సుమారు 450 కోట్లు. మధ్యలో కరోనా కూడా వచ్చింది. అయినా దాదాపు మూడేళ్లలో పని అయింది.

కాంక్రీట్‌తో పోలిస్తే స్టీల్ ఖరీదైనదే. కానీ చాలా భాగం బయట తయారుచేసి తెచ్చి ఇక్కడ బిగించారు. భూసేకరణతో పెద్దగా పని పడకుండా డిజైన్ చేశారు. అంటే మెటీరియల్ మీద కొంత ఎక్కువ పెట్టి, ఆలస్యం అనే పెద్ద ఖర్చును తప్పించారు. అన్ని చోట్లా స్టీల్ కుదరదు, నిజమే. కానీ పనికి ముందే స్థలం సంగతి తేల్చుకోవాలన్న సూత్రం మాత్రం ఎక్కడైనా కుదురుతుంది.

వేసిన రోడ్డే మళ్లీ తవ్వుతున్నారెందుకు?

ఫ్లైఓవర్లు సరే. మన ఇంటి ముందు రోడ్డు సంగతేంటి? "నిన్న రోడ్డేశారు, ఇవాళ తవ్వేశారు" అన్న మాట వినని కాలనీ ఉండదు. ముందు మంచినీటి పైపు, తర్వాత డ్రైనేజీ, ఆ తర్వాత కరెంట్ కేబుల్, చివరికి ఇంటర్నెట్ కేబుల్. ఒక్కో శాఖది ఒక్కో బడ్జెట్, ఒక్కో షెడ్యూల్. భూమి లోపల ఏ లైన్ ఎక్కడ ఉందో చూపే పక్కా మ్యాప్‌లు చాలా చోట్ల లేవు. తవ్వాక గానీ తెలియదు. తెలిశాక డిజైన్ మార్చాలి, లైన్ పక్కకు జరపాలి. మళ్లీ అదనపు ఖర్చు.

తవ్వినందుకు ఆ శాఖలు, కంపెనీలు రోడ్ కటింగ్ ఛార్జీలు కడతాయి. కానీ మట్టి సరిగ్గా దిమ్మిస చేయకుండా పైన తారు పూత పూస్తే తొలి వానకే కుంగిపోతుంది. తారు రోడ్డుకు నీళ్లే అసలు శత్రువు. నీరు నిలిచిన చోట తారు, కంకర విడిపోతాయి. దాని మీద బస్సు వెళ్తే గుంత. అందుకే డ్రైనేజీ బాగు చేయకుండా వేసే రోడ్డు ఒక్క వానాకాలానికి మించి నిలవడం కష్టం.

ఈ తలనొప్పికి విరుగుడుగా హైదరాబాద్‌లో సీఆర్‌ఎంపీ అనే పథకం తెచ్చారు. 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల పాటు నిర్వహించే బాధ్యతను ప్రైవేటు ఏజెన్సీలకు ఇచ్చారు. విలువ రూ.1,839 కోట్లు. రోడ్డు వేయడం, గుంతలు పూడ్చడం, కటింగ్‌లు సరిచేయడం, ఊడ్చడం అన్నీ ఆ ఏజెన్సీలవే. ఆ గడువు 2024 చివరితో ముగిసింది.

లెక్క వేస్తే కిలోమీటర్‌కు ఏడాదికి సుమారు 52 లక్షల రూపాయలు. ఇది ఎక్కువా, తక్కువా? ఐదేళ్లు ఒకే ఏజెన్సీ జవాబుదారీగా ఉంటే నాసిరకం పని చేసి వెళ్లిపోయే ఛాన్స్ తగ్గుతుంది. మళ్లీ బాగు చేయాల్సింది వాళ్లే కదా! ఆ లాజిక్ మంచిదే. కానీ నగరంలో మొత్తం రోడ్లు సుమారు 9 వేల కిలోమీటర్లు. అందులో 709 అంటే దాదాపు 8 శాతం. మిగిలిన 92 శాతం గల్లీలు, కాలనీ రోడ్లు పాత పద్ధతికే మిగిలిపోయాయి. జనం ఎక్కువగా నడిచేది, పిల్లలు స్కూల్‌కు వెళ్లేది ఆ రోడ్ల మీదే.

అప్పు చేసి రోడ్డు.. వడ్డీ ఎవరికి?

ఇంకో విషయం చాలా మందికి తెలియదు. ఎస్సార్డీపీ కింద ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల కోసం జీహెచ్ఎంసీ బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.9 శాతం వడ్డీకి, అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు 9.38 శాతానికి, 2019లో మరో 100 కోట్లు 10.23 శాతానికి సేకరించింది. మూడు విడతల్లో వడ్డీ ఎలా పెరిగిందో గమనించండి. అప్పు తెచ్చిన రోజు నుంచే వడ్డీ మీటర్ తిరుగుతుంది. ఫ్లైఓవర్ లేటైనా వడ్డీ లేటవదు. ఆ కట్టుబడి తీరేది ఆస్తి పన్నులు, బిల్డింగ్ పర్మిషన్ ఫీజుల్లాంటి ఆదాయంతోనే. అంటే దుమ్ము తిన్నదీ మనమే, వడ్డీ కట్టేదీ మనమే.

ఇప్పుడు మళ్లీ కొత్త పనుల వంతు వచ్చింది. కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లకు 2024లో రూ.826 కోట్ల అంచనాతో ప్రభుత్వం ముందుకొచ్చింది. ఇదే పార్కు చుట్టూ ఎస్సార్డీపీ కింద 2016లో తలపెట్టిన పనులు చెట్ల నరికివేతపై నిరసనలతో, ఎన్‌జీటీ కేసుతో ఆగిపోయాయి. ఈసారైనా చెట్లు, ఆస్తులు, భూగర్భ లైన్ల లెక్క ముందే తేలుస్తారా? తేలిస్తేనే ఆ అంచనా నిలబడుతుంది.

జనం ఏం అడగాలి?

బాధ్యత ఎక్కడ ఉండాలన్న దానిపై కోర్టులు కూడా గట్టిగానే మాట్లాడుతున్నాయి. 2025 అక్టోబర్‌లో బాంబే హైకోర్టు కీలక ఆదేశాలు ఇచ్చింది. గుంతలు, మూతలేని మ్యాన్‌హోళ్ల వల్ల ఎవరైనా చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, గాయపడితే తీవ్రతను బట్టి 50 వేల నుంచి 2.5 లక్షల వరకు పరిహారం చెల్లించాలని స్పష్టం చేసింది. అది మహారాష్ట్రకు సంబంధించిన తీర్పు. కానీ గుంత అనేది ఖర్మ కాదు, ఎవరో చేయని పని ఫలితం అన్న ఆ మాట ఏ నగరానికైనా వర్తిస్తుంది.

మన కాలనీలో పని మొదలైనప్పుడు అడగాల్సినవి నాలుగే. పని విలువ ఎంత? గడువు ఎప్పటికి? రోడ్డు పాడైతే సొంత ఖర్చుతో బాగు చేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎన్నేళ్లు? పైపులు, కేబుళ్ల పని రోడ్డు వేయకముందే పూర్తయిందా? బోర్డు మీద ఈ వివరాలు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. గడువు లోపలే కుంగిన రోడ్డుకు మళ్లీ మన డబ్బుతో టెండర్ పిలుస్తుంటే అప్పుడు నిలదీయడానికి ఆ కాగితమే ఆధారం.

ప్రభుత్వం వైపు నుంచి కావాల్సింది కూడా పెద్ద మంత్రమేం కాదు. ముందు స్థలం, తర్వాత పైపులు, ఆ తర్వాత డ్రైనేజీ, చివరికి రోడ్డు. ఈ వరస తప్పినప్పుడల్లా అంచనా తప్పుతోంది. ఏడేళ్ల ఆలస్యానికి కారణమైన ఫైలు ఎవరి టేబుల్ మీద ఎన్ని నెలలు ఆగిందో బయటపెడితే, తర్వాతి ఫైలు అంత కాలం ఆగదు. కొత్త టెండర్లు పిలిచే ముందు పాత ఆలస్యాల లెక్క జనం ముందు పెడతారా? ఉప్పల్ పిల్లర్ల కింద గుంతల్లో బండి నడిపిన ప్రతి ఒక్కరూ అడుగుతున్నది అదే.