దేవాశ్వములు - జీవకారుణ్యము

జపాను దేశమున మియే మండలమునందలి తాడో మహాలయమున ఏటేట మే నెల 4, 5 తేదీలలో జరుగు అశ్వోత్సవమునుగూర్చి ఆ దేశమున గొప్ప వాదోపవాదములు జరిగినవి. ఆ వాదము గుఱ్ఱములకు మాత్రమే సంబంధించినది కాదు. పూర్వులనుండి సంక్రమించిన ఆచారమును కాపాడుట యనగా నేమి యను ప్రశ్న యందు ఇమిడియున్నది. కావున దానిని విచారించుట యుచితమని తలంచుచున్నాము.

షింటో మతమున గుఱ్ఱము దేవతావాహనము. సూర్యదేవతయగు అమతెరాసు కొలువున్న ఇసే మహాలయమున నెలకు మూడు పర్యాయములు, 1, 11, 21 తేదీల ఉదయమున, దేవాశ్వము నలంకరించి సన్నిధికి గొనివచ్చి నమస్కరింపజేయుదురు. నిక్కో పట్టణమునందలి తోషోగూ ఆలయమున దేవాశ్వశాల కలదు. చెడు కనక, వినక, అనక యుండు మూడు కోతుల ప్రసిద్ధశిల్పము ఆ శాలమీదిదే. కోతులు గుఱ్ఱములను రోగములనుండి కాపాడునని అచటివారి నమ్మకము. యాత్రికులు కోతులను జూచి సంతసించి మఱలుదురు గాని, అవి యెవరికి కావలి యున్నవో తలంచువారు అరుదు.

పూర్వము వాన కురియుటకు నల్లగుఱ్ఱమును, వాన వెలియుటకు తెల్లగుఱ్ఱమును దేవతల కర్పించెడివారు. 763వ సంవత్సరమున నియుకవాకమి ఆలయమునకు నల్లగుఱ్ఱము నర్పించినట్లు షోకు నిహోంగి యను రాజచరిత్ర తెలుపుచున్నది. గుఱ్ఱము నీయజాలనివారు మట్టిబొమ్మను, కొయ్యబొమ్మను ఇచ్చిరి. కాలక్రమమున పలకపై వ్రాసిన గుఱ్ఱపుబొమ్మయే చాలినది. అదియే ఎమా. 'ఎ' యనగా చిత్రము, 'మా' యనగా గుఱ్ఱము. నేడు ఆలయములకు బోవువారు తమ కోరికలను వ్రాసి కట్టు చిన్న కొయ్యపలక లివియే.

ఇక తాడో సంగతి. యువకులు యోధవేషములతో గుఱ్ఱములనెక్కి నిట్టనిలువు వాలుపై పరుగెత్తించి, కొననున్న మట్టిగోడను దాటించెడివారు. దాటినవాని సంఖ్యనుబట్టి ఆ యేటి పంటను నిర్ణయించెడివారు. ఈ యాచారము 14వ శతాబ్దమునాటిదని ప్రతీతి. 2023లో ఒక గుఱ్ఱము కాలు విఱిగి, దానిని చంపవలసివచ్చెను. అంతకు మున్నును ఇట్టివి జరిగియుండుటచే నిరసనలు మిన్నుముట్టినవి. 2024లో గోడను తొలగించి వాలును తగ్గించిరి.

దీనికి నొచ్చుకొన్నవారు లేకపోలేదు. కష్టము లేనిచో శకున మెక్కడిదని వారి ప్రశ్న. వారిని నిర్దయులని నిందింపము. తరతరములుగా ఉత్సవమును నిలిపినవారు వారే. కాని, ప్రాణమున్న గుఱ్ఱమునకు మాఱుగా పలకను స్వీకరించిన దేవత, గోడ లేదని మ్రొక్కును త్రోసివేయునా? కాలు విఱిగిన గుఱ్ఱము ఏ పంటకు శుభశకునము?

ఉత్సవమునే రద్దుచేయవలెనని దూరమునుండి కేకలువేయువారును ఒక సంగతి గమనింపవలయును. ట్రాక్టర్లు వచ్చిన పిదప పల్లెలలో గుఱ్ఱమునకు పని లేదు. పండుగయు పోయినచో దానిని పెంచువా రెవ్వరు? ఫుకుషిమా మండలమున సోమా ప్రాంతపు అశ్వోత్సవమును చూడుడు. 2011లో భూకంపము, సముద్రపు పొంగు, అణువిద్యుత్కేంద్ర ప్రమాదము ఒక్కమాఱుగా వచ్చిపడి జనులు చెల్లాచెదరైనను, ఉత్సవమును కుదించి జరిపిరే గాని మానలేదు. 2023 వేసవియెండలకు గుఱ్ఱములు రెండు మరణింపగా, 2024 నుండి జూలై నెలనాటి పండుగను మే నెలకు మార్చిరి. తేది మారినది, భక్తి మారలేదు.

తాడోవారు చేసిన మార్పు ఒక యేటి నిరసనకు లొంగి చేసినదిగా గాక, శాశ్వతధర్మముగా నిలువవలెనని మా యాకాంక్ష. గుఱ్ఱములను ముందుగా పశువైద్యులు పరీక్షింపవలయును. అలసినదానిని, బెదరినదానిని వాలుపైకి తోలరాదు. దేవునికి గుఱ్ఱము నర్పించువాడు ఆ గుఱ్ఱమును దేవుని సొమ్ముగా జూడవలయును. పరుల సొమ్మునే పాడుచేయరాదన్నప్పుడు దేవుని సొమ్ము మాట చెప్పవలయునా?