కెర్నెలు ప్రశ్నకు తెలుగులో జవాబు దొరకదా?



ఈ టపా కొందరికి కోపం తెప్పించవచ్చు. తెప్పించినా నేను విచారించను. మన తెలుగువారిలో లినక్సు ఎరిగిన ఉద్దండులు ఎందరో ఉన్నారు. వారిలో పలువురికి ఒక దురలవాటు కూడా ఉన్నది. ఎవడైనా కుర్రవాడు “కెర్నెలును సొంతంగా నిర్మించుకొనుట ఎట్లా? కొత్తది వచ్చినప్పుడు పాతదానిని ఏమి చేయాలి?” అని అడిగితే, “ఆ గొడవ నీకెందుకు? ముందు మాన్యువల్ చదువుకో” అని కసురుతారు. ఆ మాన్యువల్ ఆంగ్లంలో ఉంటుంది. అది అర్థం కాకనే వాడు అడిగాడన్న స్ఫురణ వారికి కలుగదు. తరగతి గదిలో జీవితం గడిపినవాణ్ణి గనుక చెబుతున్నాను: మొదటి ప్రశ్నకు చీవాట్లు తిన్న పిల్లవాడు రెండో ప్రశ్న అడగడు.

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలకు కొదువ లేదు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి వాటిలో చేరిన పిల్లలు ఎందరో. వారికి తెలివి తక్కువ కాదు, తర్కం తక్కువ కాదు. తక్కువైనది చెప్పేవాడే. 2021లో ఏ.ఐ.సి.టి.ఇ. తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఇంజనీరింగు బోధనకు అనుమతి ఇచ్చింది. సంతోషం. కానీ అనుమతి పత్రం పాఠ్యపుస్తకం కాజాలదు. పుస్తకం వ్రాయవలసిన వారు మనమే.

“కెర్నెలు కట్టేంతటి వాడికి ఇంగ్లీషు రాకుండా ఉంటుందా?” అని ఒక వాదన. వినడానికి బాగానే ఉన్నది. అయితే కెర్నెలు మూలంతో పాటు వచ్చే పత్రాల సంచయంలో అనువాదాలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్నది. అక్కడ చైనా, జపాను, కొరియా, ఇటలీ, స్పెయిను భాషలు ఉన్నాయి. ఆ దేశాల కెర్నెలు నిపుణులకు ఇంగ్లీషు రాదని అనువదించుకున్నారా? తరువాత వచ్చేవాడి దారి సుగమం కావాలని అనువదించుకున్నారు. ఆ వరుసలో తెలుగు లేదు. ప్రపంచమంతటికీ సాఫ్ట్‌వేరు నిపుణులను పంపుతున్నామని సభల్లో చెప్పుకొనే జాతికి ఇది గొప్ప సంగతేమీ కాదు.

“ఈ విషయం తెలుగులో చెప్పడం సాధ్యం కాదు” అనేవారి కోసం, చెప్పి చూపుతాను. ఆజ్ఞలను చెవికి వినిపించే తీరులో తెలుగు లిపిలో వ్రాస్తున్నాను. యంత్రానికి మాత్రం రోమను అక్షరాల్లోనే ఇవ్వాలి.

కెర్నెలు అంటే ఏమిటి? మా పెద్దచెరువు వంటి చెరువు కింద పూర్వం నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత నీరు పారాలి అన్నది అతని పని. రైతులు ఎవరికి వారు తూము ఎత్తుకుంటే తగవులే మిగులుతాయి. గణకయంత్రంలో జ్ఞాపకశక్తిని, ప్రాసెసరు కాలాన్ని, డిస్కును ప్రోగ్రాములకు పంచిపెట్టే నీరటి కెర్నెలు.

అసలు సొంతంగా కట్టుకోవాలా? చాలామందికి అవసరం లేదు. ఉబుంటు, డెబియను వంటి పంపిణీలు సిద్ధంగా కట్టిన కెర్నెలును ఇస్తాయి, లోపాలు బయటపడితే సరిచేసి పంపుతాయి. కొత్త పరికరం పాత కెర్నెలుతో పనిచేయకపోతేనో, లోపలి గుట్టు నేర్చుకోవాలనే కోరిక ఉంటేనో కట్టుకోవాలి. రెండో కారణం మొదటిదాని కంటె చిన్నదని నేను ఒప్పుకోను.

కొత్తది పెడితే పాతది పోతుందా? పోదు. సాధారణంగా రెండూ పక్కపక్కనే ఉంటాయి. యంత్రం లేచేటప్పుడు గ్రబ్ అనే పట్టికలో దేనినైనా ఎంచుకోవచ్చు. కొత్తది మొండికేస్తే పాతదానితో లేవవచ్చు. కనుక కొత్తది సవ్యంగా నడిచిందని రూఢి అయ్యేదాకా పాతదానిని తొలగించరాదు. ఈ ఒక్క మాట ముందే చెబితే సగం భయం తీరిపోతుంది.

వేలకొద్దీ ఎంపికలకు జవాబు ఎవరు చెప్పగలరు? మొదటినుంచి చెప్పనక్కరలేదు. ఇప్పుడు నడుస్తున్న కెర్నెలు ఎంపికల పత్రం సాధారణంగా ‘బూట్’ సంచయంలో ఉంటుంది. దానిని మూలం ఉన్న చోటికి ‘డాట్ కాన్ఫిగ్’ అనే పేరుతో నకలు చేసి ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ అంటే, పాత జవాబులు నిలిచి, కొత్త ప్రశ్నలకు మాత్రం సహజమైన జవాబులు పడతాయి. ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అంటే ఆ క్షణాన వాడుకలో ఉన్న మాడ్యూళ్ళు మాత్రమే మిగులుతాయి. నిర్మాణం త్వరగా ముగుస్తుంది. అయితే ఆ సమయంలో పెన్‌డ్రైవో ప్రింటరో తగిలించి లేకపోతే దాని మాడ్యూలు రాకుండా పోవచ్చు. తరువాత “పెన్‌డ్రైవు కనబడుటలేదు” అని ఏడవడం ఇందువల్లనే.

ఆపైన ‘మేక్’, పిదప ‘మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్’, చివర ‘మేక్ ఇన్‌స్టాల్’. మొదటిదానికి రూట్ అధికారం అక్కరలేదు, తరువాతి రెంటికీ కావాలి. పంపిణీవారి ఎంపికలతోనే కడితే డిస్కులో చాలినంత ఖాళీ ఉంచుకొనుట మేలు. సెక్యూర్ బూట్ అమలులో ఉన్న యంత్రం సంతకం లేని కెర్నెలును నిరాకరించవచ్చు. అది నీ తప్పు కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి ఉన్నది. సొంతంగా కట్టుకున్న కెర్నెలును పంపిణీవారు నవీకరించరు. భద్రతా సవరణ వచ్చినప్పుడు కొత్త మూలం తెచ్చి మళ్ళీ కట్టే బాధ్యత కట్టినవాడిదే. సొంత వంట అంటే పొయ్యి కూడా తానే ఊదుకోవాలి.

చెప్పడం సాధ్యం కాదన్నది ఏది? ఇందులో ఏ వాక్యానికి తెలుగు చాలలేదు?

ఇక నా వర్గం వారిని, అనగా పండితులను వదిలిపెడితే పక్షపాతం అవుతుంది. “కెర్నెలుకు ముందు తెలుగు మాట కావాలి, ఆ తరువాతనే వ్యాసం” అని మొరాయించేవారు ఉన్నారు. అయ్యా, తత్సమం, తద్భవం, దేశ్యాలతో పాటు అన్యదేశ్యానికీ పీట వేసింది మన వ్యాకరణమే కదా! కాగితం, దస్తావేజు, వకీలు, కచేరి ఆ పీట మీద కూర్చున్నవే. కెర్నెలుకు విభక్తులు చేర్చి కెర్నెలును, కెర్నెలుకు అంటే తెలుగు మైలపడదు. మాట కుదిరినప్పుడు కుదురుతుంది. అందాకా పిల్లవాడిని గుమ్మం బయట నిలబెట్టకండి. గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చదువు చెప్పదలచి ముందు తాను వారి భాష నేర్చుకున్నారు. నేర్చేవాడి నోట ఉన్న భాషలోనికి గురువు దిగాలన్నది ఆయన ఆచరించి చూపిన సంగతి.

మన నిర్లక్ష్యానికి ఒక చేదు ఉదాహరణ చెబుతాను. కెర్నెలు ఎంపికల పట్టికలను ఇతర భాషల్లో చూపగల సదుపాయం ఒకప్పుడు కెర్నెలు మూలంలోనే ఉండేది. 2018లో దానిని తొలగించారు. చెప్పిన కారణం: అది చెడిపోయి ఉన్నది, ఎవరూ వాడుతున్నట్లు లేదు. తొలగించినవారిని నేను నిందించను. ఎవరూ రాని ద్వారం మూతపడక ఏమవుతుంది? ఆ తలుపు తెరిచి ఉన్న రోజుల్లో మనం ఏమి చేశాము? హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు ఆపరేటింగు సిస్టమునే తెలుగులో అందించే పనికి పూనుకున్నారు. బల్లమీది బొమ్మలు, మెనూలు తెలుగు పలికాయి. కానీ తెరవెనుక ఏమి జరుగుతున్నదో చెప్పే తెలుగు వ్యాసాలు ఆ స్థాయిలో వెలువడలేదు.

1991 ఆగస్టులో లీనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెలు సంగతి లోకానికి ప్రకటించాడు. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన యూనికోడు తొలి కూర్పులో తెలుగు లిపికి చోటు దక్కింది. 1992లో ఆ కెర్నెలు జి.పి.ఎల్. ఒప్పందం కిందికి వచ్చింది; మూలాన్ని చదివే, మార్చే, పంచే హక్కు అందరికీ దక్కింది. హక్కూ వచ్చింది, లిపీ వచ్చింది. ఆ హక్కును వాడుకొనే తెలివిడి మాత్రం ఆంగ్లం వచ్చినవాడి సొత్తుగానే మిగిలితే, ఈ స్వేచ్ఛ ఎవరికి స్వేచ్ఛ?

కనుక నా కోరిక చిన్నది. లినక్సు తెలిసిన ప్రతి మిత్రుడూ తనకు తొలినాళ్ళలో ఎదురైన ఒక్క ప్రశ్నకు తెలుగులో జవాబు వ్రాయాలి. ఆజ్ఞను మార్చకుండా, అర్థాన్ని దాచకుండా, అడిగినవాడిని వెక్కిరించకుండా వ్రాయాలి. అచ్చుతప్పులు, విభక్తి దోషాలు ఉంటే దిద్దిపెట్టడానికి ఈ విశ్రాంత ఉపాధ్యాయుడు సిద్ధంగా ఉన్నాడు. నాతో విభేదించేవారు కూడా తమ ఖండనను తెలుగులోనే వ్రాయగలరని మనవి. ఆ విధంగానైనా మరి నాలుగు తెలుగు వాక్యాలు కెర్నెలు మీద పుడతాయి.